పందిరి కింద రేడియోమీటరు

మడిలో తడి ఎంతుందో తెలుసుకోవాలంటే కృష్ణా డెల్టా రైతు చెప్పులు విడిచి, గట్టు దిగి, మడమతో ఒకసారి తొక్కి చూస్తాడు. అదే సంగతి తెలుసుకోవడానికి డెబ్భైల చివర్లో ఒక ఉపగ్రహం, ఒక జీపు, రెండు లారీ బ్యాటరీలు, గోనెసంచీ నిండా అల్యూమినియం డబ్బాలు, ఎమ్మెస్సీ చదివిన నేను, ఇంతమందిమి బయల్దేరాం. వీటన్నిటిలోనూ పని సరిగ్గా చెయ్యనిది ఏదో చివరికి మీకే తెలుస్తుంది. చివరిదాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తాను. నేనే.

ఇది చదివే పిల్లల్లో కొందరు ఇప్పుడు అదే పనిలో ఉన్నారని విన్నాను. కుర్చీలోంచి లేవకుండానే భూగోళం తడీ పొడీ రంగుల పటంగా మీ తెరమీదికి వచ్చేస్తోంది. ఆ రంగులు నిజమో కాదో చూడటానికి ఒకప్పుడు ఎవరో ఒకరు ప్యాంటు మడుచుకుని బురదలోకి దిగారు. అలా దిగినవాళ్ళలో నేనొకణ్ణి. దిగానని చెప్పుకోవడమే గానీ, దిగి ఏం చేశానో ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని సన్నటి రేడియో తరంగాలు వెదజల్లుతూ ఉంటుంది. వాటిని పట్టి కొలిచేది రేడియోమీటరు. అది చెప్పే అంకెకు ప్రకాశ ఉష్ణోగ్రత అని పేరు. పేరు చూసి మోసపోకండి, థర్మామీటరు చెప్పే వేడి వేరు, ఇది వేరు. పొడినేల తన వేడిని దాదాపు ఉన్నదున్నట్టు బయటపెడుతుంది. తడినేల పిసినారి. చేత్తో తాకితే వెచ్చగానే ఉన్నా, ఈ పరికరానికి మాత్రం గడ్డకట్టినంత చల్లగా కనిపిస్తుంది. అంచేత పైనుంచి అంకె చూసి కింద ఎంత తడి ఉందో చెప్పొచ్చు. మన దేశంలో తయారై అప్పుడే పైకి వెళ్ళిన ఉపగ్రహంలో అలాంటి పరికరం ఒకటి ఉంది. దాని చూపు చాలా మోటుది, ఒక్క చూపులో విజయవాడ నుంచి సముద్రం దాకా పడిపోయేది. దాని మాట నమ్మొచ్చో లేదో తేలాలంటే, అది నెత్తిమీదుగా వెళ్ళే వేళకి కింద నాలుగైదు చోట్ల నేల పరిస్థితి కొలిచి ఉంచాలి. ఒక జట్టుకి బందరు వైపు ఇసుక నేల ఇచ్చారు, ఇంకొక జట్టుకి చెరకు తోట. నీళ్ళు పెట్టిన వరి మడి మా వంతుకు వచ్చింది.

జట్టు అన్నాను గానీ మేము ఇద్దరమే. నేను పెద్దని. వయసులో నాలుగేళ్ళు, సర్వీసులో రెండేళ్ళు, గొంతులో చాలా పెద్ద. రెండోవాడు మంగళగిరి నుంచి వచ్చినవాడు. మగ్గాల ఇంట్లో పుట్టాడు, తెగిన పోగును కనపడకుండా ముడివేసే ఇంటి చేతులు. మాకిచ్చిన రేడియోమీటరు ఆ చేతులతోనే తయారైంది. గరాటు మూతి ఉన్న రేకు పెట్టె, దానికి ఒక మీటరు, మీటర్లో ఒక ముల్లు. దాన్ని చెక్క స్టాండు మీద ఎక్కించి, మూతి మడివైపు వంచితే ముల్లు ఒక అంకె దగ్గర నిలబడేది. అతనిది అప్పటికి తాత్కాలిక ఉద్యోగం. ఈ పనిలో ఆ పరికరం బాగా నడిస్తే పర్మనెంటు చేస్తామని పై అధికారి మాట ఇచ్చారు. వాళ్ళింట్లో ప్రభుత్వ ఉద్యోగం మొహం చూసిన మొదటివాడు అతను. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలిసీ చేశానని గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఉయ్యూరు దాటాక కాలవ పక్కన ఒక చిన్న ఊరు. మాకు మడి ఇచ్చిన ఆయన ఆ ఊరి చర్చిలో సంఘపెద్ద. అరవై ఏళ్ళుంటాయి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మాట మెత్తన. తన అరుగు మీదే మాకు బస ఇచ్చాడు. వాళ్ళావిడ రెండు పూటలా వండి పెట్టేది. మాది మీరు తినే ఇల్లేనా అని నన్ను మొదటి రోజే మొహమాటపడుతూ అడిగింది. ఆకలేస్తోందండీ అన్నాను. నా సర్వీసు మొత్తంలో నేనిచ్చిన తెలివైన జవాబు అదొక్కటే అనుకుంటాను.

మేము వెళ్ళేసరికి కాలవకి ఇంకా నీళ్ళు వదల్లేదు. మడి ఎండి బీటలు తీసి ఉంది. ముందు పొడిగా ఉన్నప్పుడు కొలవాలి, తరవాత నీళ్ళు పెట్టి, బురదగా దున్ని దమ్ము చేశాక కొలవాలి, అంకె బాగా కిందికి పడాలి. ఉపగ్రహం వచ్చే రోజుకి మడి నిండా నీళ్ళుండాలి. అక్కడికి అంతా సవ్యంగా ఉంది.

ఇక పందిరి సంగతి. రేకు పెట్టె ఎండలో వేడెక్కితే ముల్లు అటూఇటూ పోతుంది, దానిమీద ఎండ పడకుండా చూసుకోండి అని ఆఫీసులో చెప్పి పంపారు. మంగళగిరి అతను స్టాండుకి ఒక నల్ల గొడుగు కడదామన్నాడు, పెట్టెకి సరిపడా. నాకు నచ్చలేదు. దేశం మొత్తం చూస్తున్న ప్రయోగానికి గొడుగేమిటి? మన ప్రాంతంలో ఏ పనైనా ముఖ్యమైనదని నలుగురికీ తెలియాలంటే పందిరి పడాలి. పెళ్ళయినా, సభయినా, ఓట్లడగడానికి వచ్చినవాడైనా పందిరి కిందే. నేను సంఘపెద్దతో ఆ మాట అన్నానో లేదో, సాయంత్రానికి చర్చి ప్రార్థన కూటాలకి వాడే వెదురు బొంగులు, తాటాకులు రెండు బండ్ల మీద దిగాయి. మడిలోనే నాలుగు మూలలా గుంజలు పాతి, పరికరం మీదా, అది చూసే నేల మీదా, మా కుర్చీల మీదా కలిపి విశాలంగా పందిరి వేశారు. చల్లగా ఉండాలని పొద్దునా మధ్యాహ్నమూ ఆకుల మీద బిందెలతో నీళ్ళు చల్లించే ఏర్పాటు కూడా నాదే. ఆ ఏర్పాటు గురించి లాగుబుక్కులో అర పేజీ రాశాను. ఆ అర పేజీ ఇప్పటికీ ఎక్కడో దుమ్ములో భద్రంగా ఉంటుంది, తలుచుకుంటే చెమట పడుతుంది.

పొడి మడి చూపించాం. ముల్లు కెల్విన్ లెక్కలో మూడు వందలకి కాస్త ఇవతల నిలబడింది. సంతోషించాం. నాలుగు రోజులకి కాలవకి నీళ్ళొచ్చాయి. మడి నిండింది, అరక కట్టి దమ్ము చేశారు. మళ్ళీ చూపించాం. ముల్లు మూడు వందలకి కాస్త ఇవతల నిలబడింది.

మీటరు అద్దం మీద వేలితో కొట్టాను. కదల్లేదు. మరుసటి రోజు కూడా అంతే, ఆ మరుసటి రోజూ అంతే. మోకాలి లోతు నీళ్ళున్న మడి, మా పరికరం కంటికి బీటలు తీసిన బీడులాగే కనిపిస్తోంది. నేను మట్టి తీసి, డబ్బాల్లో తూచి, కిరోసిన్ స్టవ్వు మీద ఆరబెట్టి, మళ్ళీ తూచి తడి లెక్క కడుతూనే ఉన్నాను. ఆ లెక్క ప్రకారం నేల నీటితో మునిగి ఉంది. ఆ సంగతి నా మోకాళ్ళకి కూడా తెలుసు.

రోజూ పొద్దున్నే పరికరాన్ని పందిరి బయటికి మోసుకెళ్ళి, మూతి ఆకాశంవైపు తిప్పి చూడటం మా పద్ధతి. ఆకాశం ఈ పరికరానికి చాలా చల్లగా కనిపించాలి. అలా తిప్పినప్పుడు ముల్లు చక్కగా కిందికి పడేది. మంగళగిరి అతను ఆ మాటే పట్టుకున్నాడు.

"దీంట్లో తప్పు లేదండీ. ఆకాశాన్ని సరిగ్గానే చూస్తోంది కదండీ. అది ఏం చూస్తోందో అదే చెబుతోందండీ" అన్నాడు.

నాకు అక్కడే ఒక అద్భుతమైన ఆలోచన తట్టింది. తల పైకెత్తితే సరిగ్గా చూపిస్తోంది, కిందికి వంచితే తప్పు చూపిస్తోంది. అంటే ఏమిటి? లోపల ఎక్కడో అతుకు వదులుగా ఉంది. వంచినప్పుడు తీగ జారుతోంది. ఈ సిద్ధాంతం నాకు ఎంత నచ్చిందంటే, సంఘపెద్దకి, వాళ్ళావిడకి, నీళ్ళు చల్లే మనిషికి, మజ్జిగ తాగడానికి ఆగిన తపాలా జవానుకి కూడా చెప్పాను. అందరూ తలలూపారు. ఒప్పుకోనివాడు అతనొక్కడే. అతనూ మొదటి రోజు ఒప్పుకోలేదు గానీ, రోజుకి నాలుగుసార్లు నా నోటి వెంట వినగా వినగా అతనికే అనుమానం మొదలైంది. అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, పెట్టె విప్పి, ప్రతి అతుకూ కరిగించి మళ్ళీ వేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి వేస్తున్నప్పుడు చేతులు వణకడం చూశాను. చూసి, చెయ్యి వణికేవాడి అతుకులు ఇలాగే ఉంటాయి మరి అనుకున్నాను. అప్పట్లో నాకు జాలి ఎంత ఉండేదో ఇప్పుడు మీకు తెలిసింది.

ఉపగ్రహం మా మీదుగా వెళ్ళే అసలు రోజు గురువారం, పదకొండు కావడానికి పావుగంట ముందు. అన్ని జట్ల కొలతలూ ఆ ఒక్క నిమిషం కోసమే. పై అధికారి విజయవాడలో ఒక అతిథిగృహంలో మకాం వేసి, సాయంత్రానికి అందరి అంకెలూ తన బల్లమీద ఉండాలన్నారు. బుధవారం సాయంత్రం నేను ఒక ఉత్తరం రాసి కవరులో పెట్టి అంటించాను. పరికరంలో లోపం ఉందనీ, తయారుచేసిన వ్యక్తి ఆ లోపం ఒప్పుకోవడం లేదనీ, ఇంత సున్నితమైన పనికి అతను తగడని నా వినమ్ర అభిప్రాయమనీ రాశాను. ఆ వినమ్ర అనే మాట కోసం రెండుసార్లు చిత్తు రాసుకున్నాను.

ఆ కవరుని ఎవరిచేత పంపానో ఊహించగలరా? అతనిచేతనే. రెండో బ్యాటరీ దిగిపోయింది, విజయవాడ ఆటోనగర్‌లో చార్జింగుకి పెట్టాలి. ఎలాగూ పరికరం పనికిరాదు, అతను ఇక్కడుండి చేసేదేముంది? గురువారం పొద్దున ఏడింటి బస్సుకి బ్యాటరీ ఎత్తించి, కవరు చేతికిచ్చి, మధ్యాహ్నం మూడు గంటలకి పై అధికారి వచ్చాక ఆయన చేతికే ఇవ్వాలని చెప్పాను. అతను కవరు వంక చూశాడు, నా వంక చూశాడు, జేబులో పెట్టుకున్నాడు. పరికరం ఆపకండి సార్, ఏం చూపిస్తే అది రాసుకోండి అని మాత్రం అన్నాడు. బస్సు కదిలింది.

ఇక నా రోజు మొదలైంది. అరుగు మీద డబ్బాలు తూచుకుంటూ కూర్చున్నాను. పదింపావుకి లేచి మడి దగ్గరికి వెళితే పందిరి లేదు. గుంజలు పీకిన నాలుగు చోట్లా కలకబారిన బురద నీళ్ళు, మధ్యలో గొడుగు కట్టిన స్టాండు మీద ఒంటరిగా మా పరికరం. నాకు ఒళ్ళు మండిపోయింది. సంఘపెద్ద గట్టు మీదే ఉన్నాడు. శుక్రవారం నుంచి మూడు రోజులు చర్చిలో కూటాలని, గురువారం పొద్దున్నే బొంగులూ ఆకులూ తీసుకెళతామని ఆదివారమే నాతో చెప్పాననీ, నేను ఊఁ అన్నాననీ గుర్తుచేశాడు. నిజమే అయి ఉంటుంది. ఎవరేం చెప్పినా ఊఁ అనడం నాకు ఉద్యోగంతో పాటు వచ్చింది. పరికరం మీద ఎండ పడకుండా, మంగళగిరి అతను మొదట అనుకున్న నల్ల గొడుగుని సంఘపెద్దే స్టాండుకి కట్టించాడు.

మీటరు వైపు చూశాను. ముల్లు రెండు వందలకి దిగువన ఉంది.

పన్నెండు రోజులుగా మూడు వందల దగ్గర మేకు కొట్టినట్టు ఉన్న ముల్లు. దమ్ము చేసిన మడి ఏ అంకె చూపించాలని పుస్తకాల్లో చదువుకున్నానో, ఆ అంకె దగ్గర నిలకడగా నిలబడింది. ఇది చదివే మీలో ఎవరైనా ఆ క్షణంలో ఎగిరి గంతేసేవారు. నేను మాత్రం, అయిపోయింది, వదులుగా ఉన్న తీగ పూర్తిగా ఊడిపోయింది అనుకున్నాను. పందిరి విప్పేటప్పుడు ఎవరో స్టాండుని గుద్ది ఉంటారని కూడా తేల్చేశాను. ఎంత తెలివైనవాడికైనా సిద్ధాంతం ఒకటి ఉంటే ఇక కళ్ళతో పనుండదు. ఇంకా ఉంచితే లోపల ఏదైనా కాలిపోతుందని, పదీ ముప్పైకి బ్యాటరీ తీగలు పీకేసి పరికరం ఆపేశాను. దానిమీద ఆయిల్ క్లాతు కప్పాను. పరికరం పూర్తిగా పాడైనది అని లాగుబుక్కులో రాసి, టైము వేసి, సంతకం పెట్టాను.

పదీ నలభై అయిదుకి ఉపగ్రహం వెళ్ళిపోయింది. అది కనిపించదు, వినిపించదు. నేను చేతి గడియారం చూసుకుంటూ, శాస్త్రోక్తంగా ఆ నిమిషానికే మడిలోంచి మట్టి తీసి డబ్బాలో వేసి మూత పెట్టాను. సంఘపెద్ద గట్టు మీంచి అన్నాడు.

"అయ్యగారూ, పందిరి విప్పగానే పడిందండీ ఆ ముల్లు. నేను చూశాను. దానికి పందిరి అడ్డమైందేమోనండీ."

నాకు నవ్వొచ్చింది. ఓపిగ్గా చెప్పాను. ఇది కిందికి చూసే పరికరమనీ, పందిరి పైన ఉందనీ, పైన ఏముంటే దీనికేమిటనీ చెప్పాను. మూతి ఎటువైపు వంచి ఉందో ఆయిల్ క్లాతు ఎత్తి చూపించాను కూడా. ఆయన తల ఊపాడు. మడి వంక చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"మడిలో నీళ్ళున్నాయి కదండీ. నీళ్ళలో పైనున్నదేగా కనపడేది."

మడిలోకి చూశాను. నీళ్ళలో ఆకాశం ఉంది, ఒక తెల్లటి మబ్బు ఉంది, తలకిందులుగా నేనున్నాను. తడినేల తన వేడిని పిసినారిలా దాచుకుంటుందని చెప్పానే, దాచుకుని ఊరుకోదు, అద్దంలా పైనున్నదాన్ని చూపిస్తుంది. పైన ఆకాశం ఉంటే పరికరానికి ఆకాశపు చల్లదనం కనిపిస్తుంది. పైన నీళ్ళు చల్లిన తాటాకు పందిరి ఉంటే, పందిరి వెచ్చదనం కనిపిస్తుంది. పన్నెండు రోజులుగా ఆ పరికరం మడినీ, మడిలోంచి నా పందిరినీ చూసి ఉన్నదున్నట్టు చెబుతూ వచ్చింది. ఇదంతా నేను ఎమ్మెస్సీలో చదివాను. ఆ పేపర్లో నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆయిల్ క్లాతు లాగి తీగలు పెట్టాను. పరికరం కుదురుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా గట్టుమీద కూర్చున్నాను. ముల్లు మెల్లగా వచ్చి మళ్ళీ రెండు వందల దిగువనే ఆగింది. సంఘపెద్దని, ఆయన పాలేరుని అడిగి, ఇంట్లోంచి తాటాకు చాపలు తెప్పించి, తడిపి, మడి మీద పైకెత్తి పట్టుకోమన్నాను. ముల్లు లేచింది. తీసెయ్యమన్నాను. పడింది. మళ్ళీ పట్టుకోమన్నాను. మూడోసారికి పాలేరు, ఇంకా ఎన్నిసార్లండీ అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఉపగ్రహం వెళ్ళిపోయిందని కాదు, అది మళ్ళీ వస్తుంది. మంగళగిరి అతని జేబులో నా కవరు ఉంది.

మూడు గంటలలోపే ఆ కవరు పట్టుకోవాలి, అది పై అధికారి చేతికి వెళ్ళకూడదు. మా జీపు బందరు జట్టు దగ్గర ఉంది. సంఘపెద్ద సైకిలు తీసుకుని కాలవ గట్టు మీద ఉయ్యూరు దాకా తొక్కాను. మోకాళ్ళ దాకా బురద, ఒక కాలికి చెప్పు లేదు, అది మడిలోనే ఉండిపోయింది. ఉయ్యూరులో బస్సు దొరికింది, కూర్చోడానికి చోటు దొరకలేదు. నా పక్కన నిలబడ్డవాళ్ళు బురదకి జరిగి జరిగి నాకే చోటిచ్చారు. దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను. బ్యాటరీ ఎక్కడానికి ఎన్ని గంటలు పడుతుంది, అతను అక్కడే కూర్చుని ఉంటాడా, లేక ముందే వెళ్ళి కవరు ఇచ్చేసి వస్తాడా. అతను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అన్నదొక్కటే నాకున్న ఆశ.

ఆటోనగర్‌లో దిగేసరికి రెండు దాటింది. లారీ బాడీలు కొట్టే చప్పుడు, వెల్డింగు మెరుపులు, ఎక్కడ చూసినా విప్పిన ఇంజన్లు. బ్యాటరీ షాపులు ఒక వరసలో ఉన్నాయి. మూడో షాపు ముందు పాత టైరు మీద కూర్చుని, షాపువాడి రేడియో విప్పి అతుకు వేస్తున్నాడు. ఊరికే కూర్చోలేక అడిగి తీసుకున్నాడట. నన్ను చూసి, నా కాళ్ళు చూసి లేచి నిలబడ్డాడు.

"ఎంత చూపించింది సార్, పావు తక్కువ పదకొండుకి?" అన్నాడు.

కవరు ఊసు కాదు, ఉద్యోగం ఊసు కాదు. ముందు అదే అడిగాడు. పందిరి సంగతి చెప్పాను, నీళ్ళ సంగతి, చాపల సంగతి చెప్పాను. ముల్లు రెండు వందలకి దిగింది అనగానే అతని మొహం వెలిగింది. తరవాత నేను ఆపేశానని చెప్పాను. వెలిగిన మొహం అలాగే కాసేపు ఉండి, మెల్లగా మామూలైంది. తిట్టాడా అంటే తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నాకైనా తట్టాలి కదండీ. రోజూ దాని కిందే కూర్చున్నాను" అన్నాడు.

కవరు అడిగాను. జేబులోంచి తీసి ఇచ్చాడు, అంటించింది అంటించినట్టే ఉంది. లోపల ఏముందో తెలుసా అని అడిగాను. చదవలేదండీ, అయినా తెలుసండీ అన్నాడు. అక్కడే చింపి వెల్డింగు షాపు చెత్తలో పడేశాను. పై అధికారికి నేనే జరిగింది జరిగినట్టు చెబుతాను, నువ్వు బ్యాటరీ తీసుకుని ఊరెళ్ళు, నాలుగు రోజుల్లో ఉపగ్రహం మళ్ళీ వస్తుంది అన్నాను. అతను బ్యాటరీ ఎత్తుకుని బస్సు వైపు వెళ్ళాడు. బరువుకి ఒక పక్కకి ఒరిగి, దాదాపు పరిగెత్తుతున్నట్టే నడిచాడు.

ఇక్కడితో ఆపేస్తే నేను కొంచెం మంచివాడిగా మిగిలేవాణ్ణి.

అతిథిగృహంలో పై అధికారి ముందు అన్ని జట్ల కాగితాలూ పరిచి ఉన్నాయి. మంచి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగరు. నా కాళ్ళు చూసి కుర్చీ వెయ్యమన్నారు, టీ ఇప్పించారు. మీ అంకె ఏదయ్యా అని అడిగారు. ఆ గదిలో ఇంకో రెండు జట్ల పెద్దలు కూర్చుని ఉన్నారు, ఇద్దరూ నా బ్యాచి వాళ్ళే. పందిరి మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఇద్దరి మొహాలూ చూశాను. రేపటినుంచి నా పేరు ఆఫీసులో పందిరి అయిపోతుందని తోచింది. కొలత అందలేదండీ అన్నాను. ఎందుకని అడిగారు. చిన్న సాంకేతిక ఇబ్బంది అన్నాను. ఆయన తల ఊపి, నీటి మడి, సాంకేతిక కారణాల వల్ల కొలత అందలేదు అని రాసి నావైపు తిప్పారు. సంతకం పెట్టాను.

అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పందిరి కూడా సాంకేతికమే కదా అనుకున్నాను. ఆ రాత పూర్తయ్యేలోపే టీ కూడా తాగేశాను.

తరవాత అంతా బాగా జరిగింది. పందిరి లేకుండా, ఎండలో, తలకి తువ్వాళ్ళు చుట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఉపగ్రహం మళ్ళీ వచ్చిన ప్రతిసారీ మా ముల్లు చెప్పిన మాటకీ, అది పైనుంచి చెప్పిన మాటకీ పొంతన కుదిరింది. అంతకు ముందే, కూటాల ఆఖరి రోజున సంఘపెద్ద ఇంట్లో భోజనాలకి పిలిచారు. ఆయన పక్కన కూర్చుని తింటూ, మీరు చెప్పిందే నిజమైందండీ అన్నాను. మాదేముందండీ, నీళ్ళలో కనపడిందే చెప్పాను అన్నాడు.

ఆరునెలల తరవాత మంగళగిరి అతని ఫైలు కదిలింది. కదిలి, ఆగింది. ప్రధానమైన రోజున ఈ పరికరం సాంకేతిక కారణాల వల్ల విఫలమైనట్టు నివేదికలో ఉన్నందున, మరొక ఏడాది పనితీరు గమనించవలెను అని ఎవరో రాశారు. రాసినవాడి తప్పు లేదు, తన పని తాను చేశాడు. నేను సంతకం పెట్టిన వాక్యమే అది, కాస్త ముందుకు నడిచి అతని దగ్గరికి వెళ్ళింది. ఆ వార్త తెలిసిన రోజు పై అధికారి గది తలుపు దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి లోపలికి వెళ్ళి, ఆ వాక్యం కొంచెం మార్చవచ్చా సార్ అని అడిగాను. నివేదిక ఎప్పుడో పైకి వెళ్ళిపోయిందయ్యా, ఒక్క వాక్యానికి ఏమవుతుంది అన్నారు. అవునండీ అన్నాను. బయటికొచ్చాక నాకు కలిగింది బాధ కాదు, హాయి. ఇన్నేళ్ళుగా నేను సిగ్గుపడుతున్నది పందిరికి కాదు, ఆ హాయికి.

అతను ఆ ఏడాదంతా తాత్కాలికంగానే పనిచేశాడు. వాళ్ళ నాన్నకి చూపు మందగించి మగ్గం మానేశారని, ఇంటి బరువంతా తనమీదే పడిందని ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో అనలేదు. మరుసటి వేసవిలో పర్మనెంటు కాగితం వచ్చింది. ఆ మర్నాడు ఆఫీసు తెరవగానే స్టీలు డబ్బాతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాళ్ళమ్మ చేసిన సున్నుండలు. ఇంకా మూత తియ్యలేదు, మొదటిది నాకే ఇవ్వాలని తెచ్చాడట.

"మీరు ఆ రోజు ఆటోనగర్ దాకా పరిగెత్తుకొచ్చి ఆ కవరు చింపకపోతే నా ఉద్యోగం ఉండేది కాదండీ. అమ్మకి చెప్పాను, మీకు పెట్టాకే ఎవరికైనా అంది" అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు జీవితంలో మళ్ళీ రాదని అప్పుడే తెలుసు. నోరు తెరిచాను కూడా. అతను సున్నుండ అందించాడు. తిన్నాను. చాలా బాగున్నాయని అమ్మగారితో చెప్పు అన్నాను.